సీఆర్‌పీ ఎక్కువ వచ్చిందా? యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనే ముందు ఈ పని చేయండి

"హెల్త్ చెకప్ చేయించుకుంటే సీఆర్‌పీ ఎక్కువ వచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గడానికి ఏం వేసుకోవాలి?" ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఇదే. సీఆర్‌పీ అంటే సీ-రియాక్టివ్ ప్రొటీన్, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) ఉంటే రక్తంలో పెరిగే పదార్థం. వెంటనే వచ్చే రెండో ప్రశ్న, యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణాన్ని అడ్డుకునే విటమిన్-సి, ఇ లాంటివి) వాడొచ్చా అని. రెండింటికీ కలిపి ఇక్కడ వరుసగా చెప్తున్నాం. మొత్తం 12 వారాల పని. పెద్ద ఖర్చేమీ లేదు, ఓపిక మాత్రం కావాలి.

ముందు రెండు ముక్కల్లో విషయం. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడితే తెల్ల రక్తకణాలు సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటు రసాయనాలు తయారుచేసి దాన్ని చంపుతాయి. ఫ్రీ ర్యాడికల్స్ అని వాడుకలో అనేది ఇలాంటివాటినే. అవి తయారుకాని జన్యులోపంతో పుట్టిన పిల్లలకు చిన్నప్పటి నుంచీ ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి "ఫ్రీ ర్యాడికల్స్ అన్నీ విషమే" అన్న మాట తప్పు. పని అయిపోయాక కూడా ఈ యుద్ధం ఆగకుండా చిన్నగా సాగుతూ ఉంటేనే చిక్కు: రక్తనాళాల గోడలు, కాలేయం, కీళ్లు మెల్లగా దెబ్బతింటాయి. ఆ గొడవ జరుగుతోందని ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం కాలేయానికి చేరితే, కాలేయం సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. అంటే సీఆర్‌పీ పొగ లాంటిది. నిప్పు ఎక్కడుందో అది చెప్పదు, మనమే వెతకాలి.

కావాల్సినవి

- పాత రక్తపరీక్షల రిపోర్టులన్నీ (ఒక ఫైల్లో, తేదీల వరుసలో)
- దర్జీ టేపు
- బీపీ మిషను (లేకపోతే దగ్గర్లోని పీహెచ్‌సీలో చూపించుకోవచ్చు)
- మెత్తటి టూత్ బ్రష్, పళ్ల సందుల్లో శుభ్రం చేసే దారం లేదా సన్న బ్రష్
- ఇంట్లో నెలకు ఎంత నూనె వస్తోందో రాసుకోవడానికి కాగితం
- వేసుకుంటున్న మాత్రల పూర్తి జాబితా. ఆయుర్వేదం, హోమియో, జిమ్ పౌడర్లు, జుట్టు కోసం వాడే బయోటిన్ కూడా అందులో రాయాలి. బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ లాంటి కొన్ని పరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి.

1. రిపోర్టు మీద యూనిట్ చూడండి

భయపడి వచ్చేవాళ్లలో చాలామంది పొరపాటు ఇక్కడే ఉంటుంది. ఒక ల్యాబు సీఆర్‌పీని డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకో ల్యాబు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది. రెండింటికీ పది రెట్ల తేడా. జనవరిలో ఒక ల్యాబులో 0.62, జూన్‌లో ఇంకో ల్యాబులో 6.2 వచ్చాయనుకోండి. మొదటిది డెసీలీటరు లెక్క, రెండోది లీటరు లెక్క అయితే ఆ రెండూ ఒకటే. ఐదు నెలల్లో ఏమీ పెరగలేదు. పక్కనే ముద్రించిన నార్మల్ రేంజి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది: అక్కడ 0.5 లోపు అని ఉంటే డెసీలీటరు, 5 లోపు అని ఉంటే లీటరు.

రెండో సంగతి, మామూలు సీఆర్‌పీ వేరు, హెచ్ఎస్-సీఆర్‌పీ వేరు. కొలిచే పదార్థం అదే, కానీ హెచ్ఎస్ పద్ధతి చాలా తక్కువ మోతాదును కూడా పట్టుకుంటుంది. గుండె జబ్బు ముప్పు అంచనాకు పనికొచ్చేది హెచ్ఎస్ మాత్రమే. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో:

- 1 లోపు: ముప్పు తక్కువ
- 1 నుంచి 3: మధ్యస్థం
- 3 పైన: ఎక్కువ
- 10 పైన: ఇది గుండె లెక్క కాదు. ఇన్‌ఫెక్షనో, దెబ్బో, కీళ్లవాతం లాంటి జబ్బో ఉందేమో ముందు చూడాలి.

2. రెండు వారాలు ఆగి మళ్లీ చేయించండి

ఒక్క రిపోర్టుతో ఏ నిర్ణయానికీ రావద్దు. జలుబు, పంటి నొప్పి, కాలికి సెగగడ్డ, టీకా, ముందురోజు జిమ్‌లో విపరీతమైన కసరత్తు, ఏదైనా చాలు అంకె పెరగడానికి. గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారికి కూడా ఎక్కువ చూపిస్తుంది. మూలం ఆగిపోతే మాత్రం త్వరగానే దిగుతుంది. రక్తంలో సీఆర్‌పీ సగమవడానికి సుమారు 19 గంటలు చాలు.

రెండోసారి ఇచ్చేటప్పుడు పాటించాల్సినవి:

- జ్వరం, జలుబు, విరేచనాలు పూర్తిగా తగ్గి కనీసం రెండు వారాలు కావాలి.
- ముందు రెండు రోజులు గట్టి వ్యాయామం వద్దు. నడక పర్వాలేదు.
- అదే ల్యాబు, అదే పరీక్ష.
- సీఆర్‌పీ ఒక్కదానికైతే పరగడుపు అక్కర్లేదు. షుగరు, కొలెస్ట్రాల్ కూడా కలిపి ఇస్తుంటే పరగడుపునే వెళ్లండి.

రెండు ఫలితాల సగటు మీ అసలు అంకె. రెండోసారి 1 లోపుకు వచ్చేస్తే మొదటిది తాత్కాలికమే అనుకోవచ్చు.

ఈఎస్ఆర్ (ఎర్ర రక్తకణాలు గొట్టంలో ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసే పరీక్ష) గురించి కూడా అడుగుతుంటారు. రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా, గర్భంలోనూ ఈఎస్ఆర్ దానంతట అదే పెరుగుతుంది. జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి దిగదు. ఈఎస్ఆర్ 35 అని ఒక్కదాన్నే పట్టుకుని కంగారు పడకండి.

ఇక "ఆక్సిడేటివ్ స్ట్రెస్ ప్యానెల్" అని అమ్మే ఖరీదైన ప్యాకేజీలున్నాయి. ఆ ఫలితం చూసి వైద్యుడు మార్చే మందంటూ ఏదీ ఉండదు. పరిశోధనకు పనికొచ్చే పరీక్షలు అవి. మీ డబ్బు మిగుల్చుకోండి.

3. ఇవి ఉంటే గైడు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి

- రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం (టీబీ పరీక్ష చేయించాలి)
- ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంట, గంట దాకా కదలకపోవడం, వేలి కణుపుల వాపు
- మలంలో రక్తం, నెలల తరబడి విరేచనాలు
- ఛాతీలో బరువు, ఆయాసం
- సీఆర్‌పీ అంకె లీటరు లెక్కలో 100 దాటడం. బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. రేపు చూద్దాం అనొద్దు.

కీళ్లవాతం అని తేలితే చాలామందికి మెథోట్రెక్సేట్ రాస్తారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మందు ఇది. దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదకు వస్తుంది. చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరు చేతనే రాయించుకుని, మాత్రల డబ్బా మీద కూడా తెలుగులో రాసిపెట్టండి.

ఇంకో హెచ్చరిక: అంకె దించడానికని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి, కిడ్నీలు, కడుపు పాడవుతాయి. "కీళ్లనొప్పులు మూడు రోజుల్లో మాయం" అని పేరు లేకుండా పొట్లం కట్టిచ్చే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. ఆ మూడు రోజుల సుఖం వెనక షుగరు, బీపీ, ఎముకల గుల్లతనం వస్తాయి.

4. నిప్పు ఎక్కడుందో వెతకండి

ఈ వరుసలో చూసుకోండి. ఎక్కువమందికి మొదటి మూడింట్లోనే దొరుకుతుంది.

*నడుము.* చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత చదవండి. పొట్ట లోపలికి లాగొద్దు, ప్యాంటు బెల్టు దగ్గర కొలవొద్దు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్టలోపలి కొవ్వు ఎక్కువున్నట్టే. ఆ కొవ్వు ఊరికే పడి ఉండదు, ఇంటర్‌ల్యూకిన్-6ను స్వయంగా విడుదల చేస్తుంది. సన్నగా కనిపించి పొట్ట మాత్రం ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

*చిగుళ్లు.* బ్రష్ చేసేటప్పుడు ఉమ్మిలో రక్తం చార కనిపిస్తోందా? నోటి దుర్వాసన ఉందా? ఏళ్ల తరబడి చీముతో ఉన్న చిగుళ్లు నిత్యం మండే పొయ్యి లాంటివి. అయినా డాక్టరూ అడగడు, మనమూ చెప్పం. పళ్ల డాక్టరుతో గార తీయించుకోండి. తీయిస్తే పళ్లు కదులుతాయన్నది అపోహ. గారే పట్టి నిలబెట్టిన పళ్లు ముందే వదులై ఉంటాయి, అది తీశాక బయటపడుతుంది.

*పొగ.* సిగరెట్, బీడీ, చుట్ట. మానాలనుకుంటే ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. తాగనివారు ఇంట్లో పొగ చూసుకోండి: కట్టెల పొయ్యి, తలుపులు మూసి వెలిగించే దోమల చుట్ట. ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క. దోమతెర కట్టుకుంటే సరిపోయే పనికి ఇంత పొగ ఎందుకు?

*షుగరు, కాలేయం.* హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) చేయించండి. ఫ్యాటీ లివర్ ఉందని స్కానింగ్‌లో రాస్తే "అందరికీ ఉంటుందిలే" అని వదిలేయకండి.

*నిద్ర.* గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే స్లీప్ అప్నియా పరీక్ష అడగండి. ఈ సంగతి మీకు తెలియదు, పక్కన పడుకునేవారినే అడగాలి.

5. వంటింట్లో నూనె సరిచేయండి

ఆక్సీకరణం అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే వంటగదిలో రెండోసారి కాచిన మూకుడు చూస్తే చాలు. అంచుల వెంట గోధుమరంగు బంక పేరుకుని ఉంటుంది, గీకినా రాదు. వేడికి, గాలికి నూనెలోని కొవ్వు ఆమ్లాలు విరిగి, మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని అలా తయారవుతాయి. గిన్నెకు అంటుకున్నది కొంతే, మిగిలింది గారెల్లో ఉంది.

మోతాదు ముందు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, 2,000 కేలరీలు తినే మనిషికి రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. మీ సరుకుల చీటీ తీసి చూడండి. ప్యాకెట్ మీద గ్రాములు కూడా చదవండి, అన్ని ప్యాకెట్లూ లీటరు ఉండవు.

వేపుడు నూనె విషయంలో:

- మూకుడులో అవసరమైనంతే పోయండి. మిగలకపోతే దాచే బెంగే ఉండదు.
- మిగిలితే చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టండి. అడుగున మిగిలిన పిండి తునకలే మళ్లీ కాగినప్పుడు ముందు మాడి నూనెను చెడగొడతాయి.
- స్టీలు డబ్బాలో మూతపెట్టి వెలుతురు తగలకుండా ఉంచండి. ఇనప మూకుడులోగానీ, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లోగానీ ఉంచొద్దు. ఇనుము, రాగి ఆక్సీకరణాన్ని వేగిరం చేస్తాయి.
- ఒకటి రెండు రోజుల్లో తాలింపుకో కూరకో వాడేయండి. మళ్లీ వేపుడుకు వద్దు.
- పాతదాంట్లో కొత్త నూనె కలపకండి. అందరూ చేసే పొరపాటు ఇదే. పాతదాంట్లోని చెడు కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

పారేయాల్సిన గుర్తులు: మామూలు కంటే ముందే నీలం-బూడిద రంగు పొగ రావడం, నురగ వచ్చి అణగకపోవడం, చల్లారాక జిగురుగా చిక్కబడటం, కమురు వాసన. రంగు ఒక్కదాన్నే నమ్మకండి. పసుపు, కారం పడ్డ నూనె మంచిదే అయినా నల్లబడుతుంది. సింకులో పోయకుండా పాత కాగితానికో ఊకకో పట్టించి చెత్తలో వేయండి.

బయటి బజ్జీల బండి నూనెకు కూడా నియమం ఉంది. 2018 జూలై 1 నుంచి, మొత్తం ధ్రువ సమ్మేళనాలు (పదేపదే కాచితే నూనెలో పేరుకునే పదార్థాలు) 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన. బండి దగ్గర మీటరు పెట్టి చూడలేరు కదా, పై గుర్తులే మీ మీటరు.

6. పళ్లెం మార్చండి

కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి మనిషికి రోజుకు అర కిలో లక్ష్యం. ఇందులో పండ్లు 100 గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండాలంటే పళ్లెంలో సగం కూరే ఉండాలి. మన పళ్లెంలో సాధారణంగా అన్నం కొండలా ఉండి కూర నంజుకున్నట్టు ఉంటుంది, దాన్ని తిరగేయడమే. పప్పు ఒక కప్పు. చేప తినేవాళ్లు కవళ్లు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసుగా తినండి, వేపుడుగా కాదు. శాకాహారులు అవిసె గింజలు రోజుకు ఒక పెద్ద చెంచా. గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది, పొడి చేయాలి. పొడి చేశాక గాలి తగిలి త్వరగా పాడవుతుంది, అందుకే వారానికి సరిపడా మాత్రమే కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

కిడ్నీ జబ్బున్నవారు ఆకుకూరలు, పండ్లు పెంచే ముందు పొటాషియం గురించి డాక్టర్ని అడగాలి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు. ఒకవారం విపరీతంగా, ఒకవారం అసలు లేకుండా కాకుండా రోజూ ఒకే మోతాదులో తినాలి.

పసుపు సంగతి. కూరలో వేసే పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతమే. పాలల్లో కలుపుకు తాగితే నష్టం లేదు, అద్భుతమూ లేదు. మిరియాల సారం కలిపిన కర్కుమిన్ మాత్రలు వేరు. వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేయండి.

7. కదలండి, పడుకోండి

వారానికి 150 నిమిషాల చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదీ వేగం. వారంలో రెండు రోజులు కండరాలకు పని: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 చొప్పున మూడు విడతలు చాలు. నిద్ర 7 గంటలకు తగ్గొద్దు.

8. యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఎందుకు వద్దంటే

తర్కం వినడానికి బాగుంటుంది: ఆక్సీకరణం చెడ్డది, కాబట్టి దాన్ని ఆపే మాత్ర మంచిది. పరీక్షిస్తే అలా తేలలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద చేసిన పరీక్షలో (1994) రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా-కెరోటిన్ వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం *పెరిగింది*. అమెరికాలో ఇలాంటి ఇంకో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. విటమిన్-ఇ 400 యూనిట్లు వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. 2009లో జర్మనీలో చేసిన చిన్న పరీక్షలో విటమిన్-సి, ఇ మాత్రలు వేసుకుని వ్యాయామం చేసినవారికి, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడాల్సిన లాభం దక్కలేదు. వ్యాయామంలో పుట్టే కొద్దిపాటి ఫ్రీ ర్యాడికల్సే ఒంటికి "బలపడు" అని చెప్పే కబురు. మాత్ర ఆ కబురును మింగేసింది.

వాడి తీరాల్సిన వారుంటారు: లోపం రుజువైనవారు, డాక్టరు రాసినవారు. వాళ్లు మానొద్దు. మిగిలినవారు ఇవి గుర్తుంచుకోండి:

- విటమిన్-సి పెద్ద మోతాదులు మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లకు దారితీస్తాయి. కొన్ని గ్లూకోమీటర్లలో షుగరు తప్పుగా ఎక్కువ చూపిస్తుంది కూడా.
- జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం పుట్టుకతో ఉన్నవారు సెలైన్‌లో ఎక్కించే "గ్లో డ్రిప్పుల" జోలికి అసలు వెళ్లకూడదు. పెద్ద మోతాదు విటమిన్-సి వారి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది.
- ఐరన్ లోపం లేకుండా ఐరన్ వద్దు. సీఆర్‌పీ ఎక్కువున్నప్పుడు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా తప్పుగా పెరుగుతుంది. అలాంటప్పుడు పెద్దవారిలో లోపానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 15 కాదు, 70. ఫెరిటిన్ 50 ఉంది కదా బాగానే ఉన్నానని ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవారు అనుకోవడానికి లేదు.

12 వారాల తర్వాత సరిచూసుకోవడం

ప్రతి ఆదివారం ఉదయం నడుము కొలత, బరువు రాయండి. సీఆర్‌పీ మాత్రం 12 వారాలు నిండాకే. నెలనెలా చేయిస్తే అంకెల ఊగిసలాటకు మీరూ ఊగుతారు. ఏ కారణం లేకుండానే ఇది మూడో వంతుకు పైగా అటూఇటూ అవుతుంది. 3.4 నుంచి 2.9కి వస్తే అది మెరుగుదల కాదు, మామూలు ఊగిసలాట. 4.8 నుంచి 2 దగ్గరికి వచ్చి, నడుము కూడా తగ్గి, చిగుళ్ల రక్తం ఆగితే అది ఫలితం.

నడుము 4, 5 సెంటీమీటర్లు తగ్గినా అంకె కదలలేదా? మూడో మెట్టు జాబితా మళ్లీ చదివి డాక్టరుతో మాట్లాడండి. నడుమూ తగ్గలేదా? నూనె చీటీ తీయండి, లెక్క ఎక్కడ తప్పిందో అక్కడే కనిపిస్తుంది.

అన్నీ చేసినా రెండు పరీక్షల్లోనూ 2 పైనే ఉండి, కొలెస్ట్రాల్, బీపీ, కుటుంబంలో గుండెపోటు చరిత్ర కూడా ఉంటే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) అవసరమా అని డాక్టర్ని సూటిగా అడగండి. 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో కొలెస్ట్రాల్ పెద్దగా లేకపోయినా హెచ్ఎస్-సీఆర్‌పీ 2, ఆపైన ఉన్నవారికి రోసువాస్టాటిన్ ఇస్తే గుండెపోట్లు తగ్గాయి. అడగడానికి వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులు, నడుము కొలతల కాగితం, మాత్రల జాబితా మూడూ పట్టుకెళ్లండి.